సన్యాసమ్మ ఏమీ చెయ్యదు

నమోదు 1
సోమవారం, గాలిమెట్ట ఊరట ఇల్లు

ఆసరాగా ఉన్నవాళ్లంతా రోజూ కాస్త రాయాలని డాక్టర్ సలోమి ఈ పుస్తకం ఇచ్చారు. ఒంట్లో ఏం జరిగిందో రాయాలట. ఎవరి మీద ఎంత కోపం వచ్చిందో అక్కర్లేదట. పుస్తకం ఇచ్చిన చేత్తోనే నా మెడ మీది పట్టీ తీసేసుకున్నారు. ఇక ఒంట్లో ఏం జరిగితే ఎవరికి?

నాలుగేళ్లుగా ఆ పట్టీ నా చెవి కింద ఉంది. వేలెడంత వెడల్పు. దాని జత నా చెల్లెలు నూకరత్నం మెడ మీద ఉంటుంది. నా ఊపిరి నడిచే తీరు, నా గుండె కొట్టుకునే తీరు తన ఒంటికి తాకుతుంటాయి. పక్కన పడుకున్న మనిషి నిదానంగా ఊపిరి తీస్తుంటే మనకీ కునుకు పడుతుంది కదా, అలాగన్నమాట. సున్నితపు నరాలవాళ్లకి ఇక్కడ ఇచ్చే మందు అదే. అలా తమ ఊపిరి ఇచ్చేవాళ్లని ఆసరాలంటారు.

రత్నం పుట్టుకతోనే సున్నితం. కొత్త గౌను కుట్టు గుచ్చుకుందని పూటంతా ఏడ్చేది. ఎవరైనా గట్టిగా పోట్లాడుకుంటే తనకి జ్వరం వచ్చేది. అలాంటి పిల్లకి పన్నెండో ఏట ఉప్పెన వచ్చింది. ఇప్పుడు పంతొమ్మిది. కుళాయి విప్పిన చప్పుడు వింటే ఇప్పటికీ కొయ్యలా బిగుసుకుపోతుంది. తడిగుడ్డతో నేనే ఒళ్లు తుడుస్తాను.

ఈ ఉదయం డాక్టరమ్మ మా ఇద్దరి గ్రాఫులూ పక్కపక్కన పెట్టారు.

"వరహాలూ, నాలుగేళ్లుగా గీత ఒక్కచోటే ఉంది. ఒక నెల ఆసరాని మార్చి చూద్దాం."

"ఎవరిని పెడతారు?"

"సన్యాసమ్మని."

సన్యాసమ్మ ఇక్కడ వంటింట్లో గిన్నెలు తోముతుంది.

నమోదు 2
మంగళవారం

సన్యాసమ్మకి యాభై ఎనిమిదేళ్లు. బొబ్బిలి వైపు మనిషి. ఇక్కడ పొగ తాగనివ్వరు కాబట్టి వెలిగించని చుట్ట ఒకటి పొద్దస్తమానం నోట్లో పెట్టుకుని తిరుగుతుంది. పోయిన నెల ఎవరో లెక్క పూర్తి కావాలని వంటింటివాళ్లకీ నాడులు కొలిచారట. శిక్షణ పొందిన ఆసరాలు పదకొండు మంది, డాక్టర్లు ముగ్గురు, నిమ్మళంలో అందరూ ఈమె కిందే తేలారు.

ఈరోజు వసారాలో ఏం చేస్తుందో చూద్దామని స్తంభం పక్కన నిలబడ్డాను. కాళ్లు బారజాపుకుని కూర్చుంది. చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరింది. రత్నం పక్కన కూర్చుంది. సన్యాసమ్మ తనవైపు చూడలేదు, మాట్లాడలేదు. కాసేపటికి చేట ఒళ్లో ఉండగానే గురక పెట్టింది.

అంతే. గంటసేపు ఇంకేమీ జరగలేదు.

నేను మూడు శిక్షణలు పొందాను. నాలుగు అంకెలు లోపలికి, ఆరు అంకెలు బయటికి ఊపిరి. అరికాళ్లు నొక్కడం. పెదాలు మూసి గొంతులో సన్నగా కూనిరాగం. ఇవన్నీ రాత పరీక్ష రాసి నేర్చుకున్నవి.

ఇప్పుడు నాకు మంచు వలల పని ఇచ్చారు. తెల్లవారుజామున మెట్ట మీదికి ఎక్కి, వలలకి పట్టిన మంచుని దులిపి, ధారలు తొట్టెల్లోకి పడేలా చూడాలి. ఈ కొండకంతటికీ తాగునీళ్లు అవే. మా నాన్న చేపల వలలు అల్లేవాడు. ముడి వేసే పద్ధతి అదే. చేతులకి పని ఉంది, మెడే బోసిగా ఉంది.

నమోదు 5
శుక్రవారం

రత్నం జుట్టుకి సన్యాసమ్మ నూనె రాసింది.

నేను దువ్వెన తీస్తేనే రత్నం భుజాలు పైకి లేచేవి. నొప్పెడుతుందేమోనని జుట్టు కురచగా కత్తిరించేదాన్ని. ఈరోజు తను నేల మీద కూర్చుని, సన్యాసమ్మ మోకాళ్ల మధ్య తల వాల్చి, కళ్లు మూసుకుంది. ఆ మోటు వేళ్లు తల మీద కదులుతుంటే పిల్లి పిల్లలా మెడ వంచింది. నేను మంచినీళ్ల చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర సన్యాసమ్మ నన్ను పిలిచింది.

"ఈ గుంటకి మావిడికాయ పప్పంటే పేణమట గదమ్మా. నీకు తెల్దేటి?"

నాకు తెలియదు. పులుపు, కారం నరాలకి పడవని ఎక్కడో చదివి ఏడేళ్లుగా పెరుగన్నమే పెడుతున్నాను. రత్నం ఎప్పుడూ వద్దనలేదు. ఈరోజు రెండోసారి పప్పు అడిగి వేయించుకుంది. వేలి చివర్లు నాకింది.

"నాకు ఎప్పుడూ సెప్పలేదేం?" అని రత్నాన్ని అడిగాను.

"నువ్వు అడగనేదప్పా," అంది. కోపంగా కాదు. మామూలుగా అంది. అది ఇంకా బాధగా ఉంది.

సాయంత్రం నా గదిలో నా పరుపు మీద కూర్చుని, సన్యాసమ్మలో ఉన్న లోపాలన్నీ వేళ్ల మీద లెక్కపెట్టాను. గురక. చుట్ట. ఎవరి మాటా పూర్తిగా వినదు. గోళ్లలో మసి. రెండు చేతుల వేళ్లూ అయిపోయాయి. మనసు మాత్రం చల్లబడలేదు.

నమోదు 9
మంగళవారం

నేను మెట్ట మీద ఉండగా కింద చప్పట్లు వినిపించాయి. వల వదిలేసి పరుగెత్తుకొచ్చాను. రత్నం బేసినులోని నీళ్లలో మణికట్టు దాకా చెయ్యి పెట్టిందట. ఏడేళ్లలో మొదటిసారి. వంటింటివాళ్లు, ఆసరాలు, సున్నితులు అందరూ చుట్టూ ఉన్నారు. అందరూ చూశారు, నేను తప్ప.

"అప్పా, ఇటు సూడు. మల్లీ పెడతాను," అంది. ముఖం వెలిగిపోతోంది.

చెయ్యి నీళ్ల మీదికి తెచ్చింది. నావైపు చూసింది. భుజాలు పైకి లేచాయి. వేళ్లు వంకర తిరిగాయి. చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

"పరవానేదు, రేపు పెడుదువు," అని సన్యాసమ్మ బేసిను ఎత్తుకుని గిన్నెలు కడగడానికి పోయింది.  ఒకరిద్దరు నావైపు చూసి చప్పున చూపు తిప్పుకున్నారు. నేను పక్కన నిలబడితే నా చెల్లెలి చెయ్యి ఆగిపోతోందని వాళ్లకి అర్థమైంది. నాకూ అర్థమైంది.

నమోదు 10
బుధవారం

డాక్టరమ్మ గదికి వెళ్లి నా గ్రాఫు చూపించమన్నాను.

"నా గుండె నెమ్మదిగానే కొట్టుకుంటోంది కదా. సన్యాసమ్మది కూడా అంతే. తేడా ఏమిటి?"

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంట్లో దొంగ దూరాడనుకో. వాడికి భయపడి మంచం కింద దాక్కున్న ఇంటాయన ఊపిరి బిగబట్టుకుని కదలకుండా ఉంటాడు. మంచం మీద నిద్రపోయేవాడూ కదలడు. దూరం నుంచి చూస్తే ఇద్దరూ ఒక్కలాగే ఉంటారు. పట్టీకి ఆ తేడా తెలియలేదు. మాకూ తెలియలేదు, అది మా తప్పు. రత్నం ఒంటికి మాత్రం తెలిసింది."

"అంటే నాలుగేళ్లు నేను దానికి భయమే ఇచ్చానా?"

"నీ దగ్గర ఉన్నదే ఇచ్చావు వరహాలూ. దాచుకోకుండా ఇచ్చావు." కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "నువ్వు కూడా పట్టీ కట్టించుకో. ఈసారి పుచ్చుకునే వైపు," అన్నారు.

"నాకేం జబ్బు లేదండీ," అని లేచి వచ్చేశాను. తలుపు దగ్గర నా దవడలు నొప్పిపెడుతున్నాయని గమనించాను. ఒంట్లో జరిగింది రాయమన్నారు కాబట్టి ఇది రాస్తున్నాను.

నమోదు 13
శనివారం

పెరట్లో సన్యాసమ్మ ఒక్కతే చింతపండు పిక్కలు తీస్తుంటే దగ్గరికి వెళ్లాను. ఉండబట్టలేక అడిగేశాను.

"నీకు ఎప్పుడూ ఏ కష్టమూ రాలేదా? అందుకేనా ఇంత నిమ్మళంగా ఉంటావు?"

ఆమె చుట్ట ఇటు బుగ్గ నుంచి అటు బుగ్గకి మార్చుకుంది. "ఇద్దరు కొడుకులు పోనారమ్మా. ఆల్ల నాన్న కూడాను. మీకొచ్చిన ఉప్పెనే. సేపల బేరానికని సముద్రం వారకి ఎల్లినారు ఆ పొద్దు."

నేను ఆమె పక్కన కూర్చుని కాస్త చింతపండు అందుకున్నాను.

"రెండేల్లు ఏడ్సినాను. సంతలో ఏడ్సినాను, బస్సులో ఏడ్సినాను. పొర్లి పొర్లి ఏడ్సినాను. ఒల్లు గజగజ ఒణికీది. ఊరోల్లు ఇసుక్కున్నారు, 'ఇంకెన్నాల్లే సన్యాసమ్మా' అని. నాను మాననేదు. మరింక ఒక నాడు ఆకలేసినాది. తిన్నాను. తొంగున్నాను." పిక్క ఒకటి గిన్నెలో వేసింది. "ఇప్పటికీ వస్తాది అప్పుడప్పుడూ. వస్తే ఏడుస్తాను. రాపోతే నేదు."

జాలిపడాలి. పడ్డాను కూడా. కానీ రాయమన్నది నిజం కాబట్టి నిజమే రాస్తాను: ఆ రెండేళ్లు చూసి నాకు ఒళ్లు మండింది. ఆమెకి రెండేళ్లు దొరికాయి. నాకు ఒక్క పూట దొరకలేదు.

ఉప్పెన రోజు నేనూ రత్నం ఐసు ఫ్యాక్టరీ డాబా మీద ఉన్నాం. అమ్మ సందుకి అవతల రేకుల కప్పు మీద చిక్కుకుపోయింది. మధ్యలో నీళ్లు. నాకప్పుడు ఇరవై రెండు. నేను గొంతెత్తి ఏడుస్తుంటే అమ్మ అక్కణ్ణించి అరిచింది. "నువ్వేడవకే వరాలూ! నువ్వేడిస్తే సిన్నదాని పేణం పోద్ది! దాన్ని సూసుకో!" నేను నోరు మూసుకున్నాను. తర్వాత రేకులు కదిలాయి. అప్పుడు కూడా నేను నోరు తెరవలేదు. ఇప్పటిదాకా తెరవలేదు.

నమోదు 18
గురువారం

నిన్న రాయలేకపోయాను. నిన్నటిదే ఈరోజు రాస్తున్నాను.

వచ్చే సోమవారం రత్నాన్ని గెడ్డ దగ్గరికి తీసుకెళ్లి పాదాలు తడిపిద్దామని డాక్టరమ్మ, సన్యాసమ్మ అనుకున్నారు. కొండవాగు అది; పారే నీళ్లలో మొదటిసారి. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. మళ్లీ చప్పట్లు కొడతారు. మళ్లీ నేను మెట్ట మీద ఉంటాను.

నిన్న ఉదయం సన్యాసమ్మ తలంటు పోసుకోవడానికి వెళ్తూ పట్టీ తీసి స్నానాల గది బయట మేకుకి తగిలించింది. సబ్బు తగలకూడదు దానికి. నేను అటుగా వెళ్తున్నాను. ఊరికే వెళ్లలేదు. ఆమె తలంటు రోజు ఏదో నాకు తెలుసు.

పట్టీ తీసి నా మెడకి పెట్టుకున్నాను. నేరుగా రత్నం దగ్గరికి వెళ్లి, "పద, గెడ్డకి ఎల్దాం," అన్నాను.

రత్నం చెయ్యి తన మెడ మీదికి పోయింది. నా ముఖంలోకి చూసింది. ఎవరి ఊపిరో తనకి అప్పుడే తెలిసిపోయింది. అయినా "సరే అప్పా" అని చెప్పులు వేసుకుంది. తను కాదంటుందేమోనని భయపడుతూ అడిగాను నేను. ఆ భయం కూడా తనకి అంది ఉంటుంది.

గెడ్డ దగ్గర నీళ్లు మోకాలి లోతు, మధ్యలో రాళ్లు, పైన వర్షం పడిందేమో కాస్త వడిగా ఉంది. నేను ఒడ్డున నిలబడి ఊపిరి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నాలుగు లోపలికి, ఆరు బయటికి. రత్నం ఒక పాదం పెట్టింది. రెండో పాదం పెట్టింది. ఇంకో రెండు అడుగులు వేసింది. నేను చేయించాను, నేనే చేయించాను అనుకున్నాను.

అప్పుడు పై నుంచి కొట్టుకొచ్చిన రేకు ముక్క ఒకటి రాయికి తగిలి కీచుమంది.

నా కాళ్లు నావి కాకుండా పోయాయి. ఊపిరి ఆగింది. లెక్క ఎక్కడికో పోయింది. నీళ్ల మధ్య రత్నం అలాగే బిగుసుకుపోయింది. చేతులు ఒంటికి అతుక్కుపోయాయి. కాలి కింద రాయి జారి తను పక్కకి పడిపోయింది. నీళ్లు గుండెల దాకా వచ్చాయి. నేను ఒడ్డున నిలబడే ఉన్నాను. నాలుగడుగుల దూరం. కదలలేకపోయాను. పిలవలేకపోయాను. ఏడేళ్లు తనని కాపాడుతున్నానని చెప్పుకున్న మనిషిని.

రత్నమే కదిలింది. చెయ్యి పైకెత్తి మెడ మీది పట్టీ పీకి ఒడ్డుకి విసిరేసింది. గట్టిగా ఊపిరి పీల్చింది. "ఇది నాది కాదు," అంది తనలో తను. మళ్లీ గట్టిగా అంది, "ఇది నాది కాదు!" రాళ్లు పట్టుకుని, మోకాళ్ల మీద పాకుతూ ఒడ్డెక్కి నా దగ్గరికి వచ్చింది. తడి చేతులతో నా పాదాలు రెండూ నేలకి అదిమి పట్టుకుంది.

"అప్పా. ఏటి కనబడతంది సెప్పు."

నా చూపు ఆ రేకు ముక్క మీదే ఉంది.

"నా ఎనకాల ఏటున్నాది? సెప్పు."

"కొండ."

"ఇంకా?"

"నీ జుట్టు. నీల్లు కారతన్నాయి."

"ఆఁ. ఒల్లు ఒణుకుతాది ఇప్పుడు. ఆపకు. ఆపితే లోపలే ఉండిపోద్ది. ఒణకనీ."

మోకాళ్లు ముందు వణికాయి. తర్వాత తొడలు, కడుపు, పళ్లు. కూలబడిపోయాను. అలవాటు చొప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. రత్నం ఆ చెయ్యి లాగేసింది.

"నేనేడిస్తే నీకు..." అన్నాను.

"అమ్మ అన్న మాటేనా?" అంది. నేను తల ఎత్తి చూశాను. ఆ మాట తన దగ్గర నేను ఎప్పుడూ ఎత్తలేదు. "నాను నీ పక్కనే ఉన్నాను గదప్పా. నానూ ఇన్నాను. అమ్మ ఆ ఒక్క రోజుకే సెప్పినాది. ఏడేల్లకి సెప్పనేదు."

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన చప్పుడు ఏడుపులా లేదు. ఏదో జంతువు అరుపులా ఉంది. ఎంతసేపో తెలియదు. మధ్యలో సన్యాసమ్మ వచ్చింది. తల నిండా కుంకుడు నురుగు. మేకుకి పట్టీ కనబడక పరుగెత్తి వచ్చినట్టుంది, రొప్పుతోంది. మమ్మల్ని చూసింది. పక్కన రాయి మీద కూలబడి కూర్చుంది. ఏమీ చెయ్యలేదు.

నమోదు 19
శుక్రవారం

నేనే వెళ్లి డాక్టరమ్మతో అంతా చెప్పాను. ఆవిడ కేకలు వెయ్యలేదు. ఒక ఏడాదిపాటు నేను ఎవరికీ ఆసరాగా ఉండకూడదని కాగితం మీద రాసి సంతకం పెట్టించుకున్నారు. నా సామాను ఆసరాల వరస నుంచి సున్నితుల వరసకి మార్పించారు.

సన్యాసమ్మ దగ్గరికి వెళ్లి క్షమించమన్నాను. "పట్టీదేముందమ్మా," అంది. "ఆ పిల్ల కొట్టుకుపోయుంటే?"  మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు.

రత్నం మాత్రం ఊరుకోలేదు. మోకాలికి కట్టు కట్టుకుని నా కొత్త గదికి వచ్చింది.

"నన్ను నిజంగా అడిగుంటే నిజంగానే వచ్చీదాన్ని. దొంగలాగ ఎందుకు సేసినావు?"

"నువ్వు ఆవిడితో నవ్వుతావు," అన్నాను. ఇరవై తొమ్మిదేళ్ల మనిషినై ఉండి ఆ మాటన్నాను. "నాతో ఎప్పుడూ నవ్వలేదు."

"నువ్వు ఎప్పుడూ కాపలా కాసినట్టు సూస్తావప్పా. కాపలావోల్లని సూస్తే ఎవులికి నవ్వొస్తాది?"

కోపంగా వెళ్లిపోయింది. నాకు బాధ వేసింది. కానీ నా మీద తను కోప్పడడం ఇదే మొదటిసారి అని తర్వాత తట్టింది. ఇన్నాళ్లూ నన్ను జాగ్రత్తగా చూసుకుంటున్నది తనేనేమో.

నమోదు 24
బుధవారం

రత్నం గెడ్డలో పాదాలు పెట్టింది. నన్ను రమ్మని పిలిచింది, దూరంగా మట్టి బాట మీద కూర్చోమంది. కూర్చున్నాను. సన్యాసమ్మ నీళ్లలో నిలబడి చీర కుచ్చెళ్లు పిండుకుంటోంది. రత్నం వెనక్కి తిరిగి నావైపు చూడలేదు. చూడనందుకు మండింది. చూడకుండా ఉండగలిగినందుకు సంతోషించాలని నాకు నేను చెప్పుకున్నాను. రెండూ పక్కపక్కన కూర్చున్నాయి నాలో. ఏదీ లేచి పోలేదు.

ఆ సాయంత్రమే డాక్టరమ్మ చెప్పిన పట్టీకి ఒప్పుకున్నాను. పుచ్చుకునే వైపు. ఇచ్చేది ఎవరని అడిగాను.

"ఎవరుంటారు? అందరిలో బాగా ఇవ్వగలిగింది ఒక్కరే," అన్నారు.

నమోదు 31
బుధవారం

సన్యాసమ్మతో అరగంట. ఇది మూడోసారి. మొదటి రెండుసార్లు మెడ దురద తప్ప ఏమీ తెలియలేదు.

ఈరోజు వసారాలో ఆమె గోడకి ఆనుకుని కూర్చుంది. నేను ఆమె పక్కన. కొత్తిమీర కట్టలు విప్పి వేళ్లు తుంపుతోంది. కాసేపటికి నా దవడలు వాటంతటవే వదులయ్యాయి. పైపళ్లూ కింది పళ్లూ ఒకదాన్నొకటి తాకకుండా ఉంటే ఎలా ఉంటుందో నేను మరిచిపోయాను. భుజాలు కిందికి దిగాయి. అవి ఇంకా దిగడానికి చోటుందని నాకు తెలియదు. ఊపిరి నేను లెక్కపెట్టకుండానే లోపలికి వెళ్లి, దానికి ఇష్టమైనప్పుడు బయటికి వచ్చింది.

ముందు హాయిగా అనిపించింది. వెంటనే కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపంతో. ఇంత బాగుంటుందా! రత్నానికి రోజూ అందుతున్నది ఇదా! నాలుగేళ్లు మూడు శిక్షణలతో నేను పిసరంత కూడా ఇవ్వలేకపోయినది, ఈమె కొత్తిమీర తుంపుతూ ఇచ్చేస్తోంది. నా కన్నీళ్లు ఆమె చూసిందో లేదో. "ఏడుపొస్తే ఏడవమ్మా," అని చెయ్యి నా భుజం మీద వేసి, ఆ మాట పూర్తవుతూనే నిద్రపోయింది. ఏడ్చాను. ఎవరి ప్రాణమూ పోలేదు.

అలికిడి వినిపించి తల తిప్పాను. గుమ్మంలో రత్నం నిలబడి ఉంది.

"అయిపోనాదేటి?"

"నేదు."

"ఇంకెంతసేపు?"

"పావుగంట."

తను కదల్లేదు. చూపు నా భుజం మీద ఉన్న సన్యాసమ్మ చెయ్యి మీద ఆగింది. కింది పెదవి బిగిసింది. ఆ చూపు ఏమిటో నాకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. నెల రోజులుగా నేను స్తంభాల చాటున నిలబడి చూసిన చూపే అది.

"నాకు రేపు ఎక్కువసేపు గావాల," అంది. "సన్యాసమ్మ పెద్దమ్మ ముందు నాకే ఇచ్చినాది."

ఈ ఏడేళ్లలో నేను పెట్టింది తింది, చెప్పినచోట కూర్చుంది. ఇప్పుడు వాటా కోసం పోట్లాటకి వచ్చింది నా చెల్లెలు. లేచి చోటిచ్చేద్దామనిపించింది. కాళ్లు లేవబోయాయి కూడా.

"డాక్టరమ్మని అడుక్కో," అన్నాను. "ఇది నా వంతు."

రత్నం విసవిసా వెళ్లిపోయింది. మిగిలిన పావుగంటా నేను లేవలేదు.